నైకన్: రాత్రి అరగంట, మూడు ప్రశ్నలు

నైకన్ జపాన్‌లో పుట్టిన ఆత్మపరిశీలన పద్ధతి. అక్కడి జోదో షిన్షూ అనే బౌద్ధ శాఖలో తిండి, నీళ్లు, నిద్ర మానేసి చేసే ఒక కఠిన సాధన ఉండేది. యోషిమోతో ఇషిన్ (1916–1988) అనే వ్యాపారి ఆ కాఠిన్యం తీసేసి దాన్ని అందరూ చేయగలిగేలా మలిచారు. పూర్తి పద్ధతిలో వారం రోజులు తెర చాటున ఒంటరిగా కూర్చుంటారు. ఇంట్లో అయితే రాత్రి అరగంట చాలు.

నోటుబుక్కు, పెన్ను దగ్గర పెట్టుకుని ఫోన్ పక్క గదిలో ఉంచండి. ఒక్క మనిషిని ఎంచుకోండి. మొదట అమ్మ, లేదా మిమ్మల్ని పెంచినవాళ్లు. గొడవలున్న మనిషితో మాత్రం మొదలుపెట్టవద్దు. ఆ రోజుకే పరిమితమై ఇవి రాయండి:

1. ఈ మనిషి నుంచి నాకేం అందింది? (6 నిమిషాలు)
2. ఈ మనిషికి నేనేం చేశాను? (6 నిమిషాలు)
3. నా వల్ల ఈ మనిషికి ఏ ఇబ్బంది కలిగింది? (18 నిమిషాలు)

మూడోదానికే ఎక్కువ సమయం ఎందుకంటే, మనసు దాన్నే తొందరగా దాటేస్తుంది.

ఎక్కువమంది తడబడేది మొదటి ప్రశ్నలోనే. ‘అమ్మ బాగా చూసుకుంది’ అని రాస్తే ఏమీ రాయనట్టే. ‘ఆరింటికే లేచి క్యారేజీ కట్టింది, నాకు కారం పడదని వేపుడు విడిగా చేసింది’ అని రాయండి. ‘అది తన పనేగా’, ‘జీతం తీసుకుంటున్నాడుగా’ అనిపిస్తుంది. ఎందుకు చేశారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, అందిందా లేదా అన్నదే లెక్క. రెండో ప్రశ్నకు చేసినవే రాయాలి, చేద్దామనుకున్నవి కాదు. మూడో ప్రశ్నకు ‘నేను చెడ్డవాణ్ణి’ అన్నది జవాబు కాదు, అది తీర్పు. ‘వస్తానన్న వేళకు రాలేదు, తొమ్మిదిన్నర దాకా తినకుండా కూర్చుంది’ అన్నది జవాబు.

వాళ్ల వల్ల నాకు కలిగిన ఇబ్బంది ఏమిటనే ప్రశ్న ఇందులో కావాలనే లేదు. ఆ లెక్క మనం అడగకుండానే రాసుకుంటాం. అది గుర్తొస్తే పెన్ను పక్కన పెట్టి, మళ్లీ మీ ప్రశ్న దగ్గరకు రండి.

మిమ్మల్ని కొట్టే, హింసించే మనిషి మీద ఈ పద్ధతి వాడకండి. అక్కడ మూడో ప్రశ్న తప్పును మీ నెత్తిన వేస్తుంది. తీవ్రమైన కుంగుబాటులో ఉన్నవాళ్లు ముందు డాక్టరును కలవాలి.

రాయడం అయ్యాక, మూడో జవాబులోంచి రేపు సరిచేయగలిగింది ఒక్కటే తీసుకోండి. క్షమాపణ ప్రసంగాలు వద్దు. ఆలస్యమవుతుందంటే ఏడింటికే ఫోన్ చేయడం, అంత చిన్నదైతేనే జరుగుతుంది.

వారం గడిచాక, ఆదివారాలు పాత కాలానికి వెళ్లండి. అమ్మతో గడిపిన బాల్యాన్ని మూడేసి ఏళ్ల చొప్పున, ఒక్కో ఆదివారం ఒక్కో ముక్కగా తీసుకోండి. ఏమీ గుర్తు రాకపోతే అప్పుడున్న ఇంటి నుంచి మొదలుపెట్టండి: నీళ్లెవరు పట్టారు, జడెవరు వేశారు, ఫీజు డబ్బులు ఎక్కడినుంచి వచ్చాయి, జ్వరమొస్తే ఎవరు మేలుకున్నారు.