పాత అంబాసిడర్ రేడియేటర్‌ని పారేయకండి

ఇంజన్ నీళ్లను చల్లార్చే ఆ కాలపు రేడియేటర్ రాగి, ఇత్తడి సరుకు. కారితే మాటు (టంకం) వేసుకోవచ్చు, ప్లాస్టిక్ ట్యాంకులకు ఆ యోగం లేదు.

ఇంజన్ పూర్తిగా చల్లారినాకే క్యాప్ తీయండి. రేడియేటర్ దించి, కింది గొట్టంలోంచి పైకి నీళ్లు వదలండి. మా చిత్తూరు పక్క బోరునీళ్లు తాగిన బండ్లకు ట్యూబుల నోళ్ల దగ్గర తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. వేడినీళ్లలో నిమ్మఉప్పు కలిపి నానబెట్టి, బాగా కడగండి. ఘాటు యాసిడ్ మాత్రం వద్దు సామీ, లోహాన్నే తినేస్తుంది.

ఇక పరీక్ష. గొట్టాలకు రబ్బరు బిరడాలు బిగించి, ఒకదానికి సైకిల్ ట్యూబు వాల్వు పెట్టండి. తొట్టిలో ముంచి, గేజీ ఉండే సైకిల్ పంపుతో మెల్లగా గాలి కొట్టండి. క్యాప్ మీదుండే ప్రెషర్ అంకె దాటొద్దు. మొదట ట్యూబుల మధ్యుండే సన్నటి రేకు రెక్కల సందుల్లోని గాలి బుడబుడా లేస్తుంది, దాన్ని లెక్కచేయొద్దు. చేత్తో తుడిచినా ఒకే చోటునుంచి సన్నటి బుడగల వరస వస్తావుంటే అదే చిల్లు. అక్కడ ఇత్తడి మెరిసేదాకా గీకి, మాటు వేసి, మళ్లీ ముంచండి.

నల్లరంగు పలచగానే కొట్టండి. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ పోసి ముందు తిరుపతి ఊళ్లో తిప్పండి, ఆ తర్వాతే భాకరాపేట ఘాట్.