పెంపుడు బల్లులు, సాలీళ్ల మేతకు ఇంట్లో కీచురాళ్లు పెంచే ముందు చూసుకోవలసినవి

అన్నిటికంటే ముందు దోమల మందు. ఆ గదిలో కాయిల్, ప్లగ్ మెషీన్, స్ప్రే ఏదీ వాడకూడదు. వాటిలోని పైరెత్రాయిడ్లు అనే పురుగుమందులు కీచురాళ్లనే కాదు, పక్కనున్న టరాంటులానూ (పెద్ద పెంపుడు సాలీడు) చంపగలవు. చీమల చాక్‌పీసూ అంతే. చీమలు రాకుండా డబ్బా పెట్టిన స్టాండు కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టండి.

☐ డబ్బా మూతకు స్టీలు జాలీ ఉందా? ప్లాస్టిక్ జాలీని కొరికేసి బయటికొస్తాయి.

☐ లోపల కోడిగుడ్ల అట్టలు నిలువుగా పెట్టారా? చోటు చాలకపోతే ఒకదాన్నొకటి తినేస్తాయి.

☐ నీళ్లు గిన్నెలో పోయొద్దు, పిల్ల కీచురాళ్లు మునిగి చస్తాయి. తడి దూది చాలు, రోజూ మార్చాలి.

☐ గుడ్లు పెట్టడానికి 4-5 సెం.మీ. లోతున తడి కోకోపీట్ (కొబ్బరి పొట్టు), పైన జాలీ. పిండితే నీరు కారకూడదు. ఎండితే గుడ్లు పోతాయి, నానితే బూజు పడుతుంది. 30 డిగ్రీల దగ్గర సుమారు రెండు వారాల్లో పొదుగుతాయి.

☐ క్యారెట్, ఆకుకూరలు బాగా కడిగారా? పురుగుమందు అవశేషం చాలు, డబ్బా మొత్తం ఖాళీ అవుతుంది.

☐ పొలంలో పట్టినవి కలపకండి, పరాన్నజీవులు వస్తాయి.

☐ ఆస్తమా ఉన్నవాళ్లు శుభ్రం చేసేటప్పుడు మాస్కు తప్పనిసరి.

బల్లులకు వేసేముందు కాల్షియం పొడి అద్దాలి. సాలీడు కుబుసం విడిచేటప్పుడు మాత్రం బతికున్న కీచురాయిని లోపల ఉంచకండి, మెత్తబడ్డ ఒంటిని కొరికేస్తుంది.