నూనె ప్రయోగాల పట్టికలు చదవడం – 4వ పాఠం: ఎలుక గుండెలో చేరిన కొవ్వు

గత పాఠం చివర ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకే చోట, అంటే శాతం దేనిలో శాతమన్న చోట, తప్పాయి. ఆ తప్పుతోనే గుండె కణజాలం పట్టికలోకి అడుగుపెడితే అక్కడ అది రెట్టింపవుతుంది గనుక, ముందుగా దానిని సరిచేసుకుందాం. మేతలో 20 శాతం రేప్‌సీడ్ (ఆవ జాతి మొక్క గింజల) నూనె, ఆ నూనె కొవ్వు ఆమ్లాల్లో 45 శాతం ఎరూసిక్ ఆమ్లం (ఆ జాతి నూనెల్లో ఉండే ఒక కొవ్వు ఆమ్లం) ఉంటే, రోజుకు 15 గ్రాముల మేత తినే 250 గ్రాముల ఎలుకకు ఎంత ఎరూసిక్ ఆమ్లం అందుతుందన్నది ప్రశ్న. చాలామంది 45 శాతాన్ని నేరుగా మేతకు అన్వయించారు. మరికొందరు 20 శాతాన్ని శక్తిలో వాటాగా తీసుకున్నారు.

నేను ఎప్పుడూ కాగితం మీద వంద గ్రాముల మేతను రాసుకునే మొదలుపెడతాను. అందులో నూనె 20 గ్రాములు, ఆ నూనెలో ఎరూసిక్ ఆమ్లం సుమారు 9 గ్రాములు. కాబట్టి 15 గ్రాముల మేతలో 1.35 గ్రాములు. ఎలుక బరువు పావు కిలో గనుక, కిలో శరీర బరువుకు రోజుకు 5.4 గ్రాములు. ఇక శక్తి విషయానికి వస్తే, 20 గ్రాముల నూనె 180 కిలోకేలరీలు ఇస్తుంది. మిగిలిన 80 గ్రాముల్లో 10 గ్రాములు పీచు, లవణాలు అనుకుంటే, 70 గ్రాముల పిండిపదార్థాలు, మాంసకృత్తులు కలిసి 280 ఇస్తాయి. అంటే బరువులో 20 శాతమైన నూనె శక్తిలో 39 శాతం. మేతలో నూనె 5 నుంచి 20 శాతం వరకు ఉన్నప్పుడు బరువు శాతాన్ని రెట్టింపు చేస్తే శక్తి శాతం దాదాపుగా వస్తుంది. తొందరలో ఉన్నప్పుడు నేను ఈ అడ్డదారినే వాడతాను.

ఆ 5.4 గ్రాములు ఎంత పెద్ద మోతాదో తెలియాలంటే, యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ 2016లో మనుషులకు నిర్ణయించిన పరిమితి పక్కన దానిని పెట్టి చూడాలి. ఆ పరిమితి కిలో శరీర బరువుకు రోజుకు 7 మిల్లీగ్రాములు. జంతువుల గుండెలో కొవ్వు చేరడం కనిపించని మోతాదును, అంటే కిలోకు 0.7 గ్రాములను, వందతో భాగించి దానిని నిర్ణయించారు. ఇది జీవితకాలపు సగటుకు వర్తించే జాగ్రత్త రేఖ మాత్రమే. దాటిన రోజే గుండె చెడుతుందని దాని అర్థం కాదు.

ఇప్పుడు గుండెకు వద్దాం. ఎరూసిక్ ఆమ్లం 22 కార్బన్ల పొడవైన గొలుసు. గుండె కణంలో కొవ్వును దహించి శక్తినిచ్చే భాగాలైన మైటోకాండ్రియా దానిని నెమ్మదిగా మాత్రమే దహించగలవు. పైగా అది ఇతర కొవ్వు ఆమ్లాల దహనాన్ని కూడా మందగింపజేస్తుంది. దహనం కాని భాగం ట్రైగ్లిజరైడ్ (నిల్వ కొవ్వు) బిందువులుగా కండరంలో నిలుస్తుంది. కాలేయ కణాల్లోని పెరాక్సిసోములు (పొడవైన కొవ్వు గొలుసులను కురచ చేసే కణభాగాలు) ఈ గొలుసును కత్తిరించి 18 కార్బన్ల ఓలిక్ ఆమ్లంగా మార్చగలవు. గుండెకు ఆ శక్తి తక్కువ. అందుకే ఒకే ఎలుకలో కాలేయం పట్టిక, గుండె పట్టిక వేర్వేరు కథలు చెబుతాయి.

ఇక్కడే నన్ను ఎప్పుడూ చికాకు పెట్టే ఉచ్చు ఉంది. కణజాలం పట్టికల్లో చాలా భాగం ‘మొత్తం కొవ్వు ఆమ్లాల్లో శాతం’గా ఉంటాయి. ఆ శాతాలు తగ్గితే ఆ ఆమ్లం గుండెలో తగ్గిందని రాసేవారు ఇప్పటికీ ఉన్నారు. లెక్క కోసం నేను వేసుకున్న ఈ అంకెలు చూడండి. సాధారణ మేత తిన్న ఎలుక గుండెలో గ్రాముకు 4 మిల్లీగ్రాముల ట్రైగ్లిజరైడ్, అందులో లినోలిక్ ఆమ్లం (మరో కొవ్వు ఆమ్లం) 30 శాతం అనుకుందాం, అంటే 1.2 మిల్లీగ్రాములు. రేప్‌సీడ్ నూనె తిన్న ఎలుకలో ట్రైగ్లిజరైడ్ 16 మిల్లీగ్రాములకు పెరిగి, లినోలిక్ శాతం 15కు పడిపోయిందనుకోండి, అది 2.4 మిల్లీగ్రాములు. శాతం సగమైంది, పరిమాణం రెట్టింపైంది. ఇదే గుండెలో ఎరూసిక్ 30 శాతం ఉంటే అది 4.8 మిల్లీగ్రాములు, కొత్తగా చేరిన 12 మిల్లీగ్రాముల్లో మిగతాదంతా ఇతర కొవ్వు ఆమ్లాలే. అంటే ఎరూసిక్ ఆమ్లం తాను చేరడమే కాక ఇతర ఆమ్లాలనూ దహనం కాకుండా నిలబెట్టిందన్న అసలు విషయం శాతాల పట్టికలో కనిపించనే కనిపించదు. కాబట్టి గ్రాము కణజాలానికి మిల్లీగ్రాములు ఇవ్వని పట్టిక నుంచి ‘పెరిగింది’, ‘తగ్గింది’ అన్న మాటలు రాయవద్దు. ‘వాటా మారింది’ అని మాత్రమే రాయండి. ఫాస్ఫోలిపిడ్ల (కణాల పొరలను కట్టే కొవ్వుల) పట్టికకు ఈ ప్రమాదం తక్కువ, ఎందుకంటే పొరల్లోని వాటి మొత్తం అంతగా మారదు. అక్కడ శాతాలను కొంత ధైర్యంగా చదవవచ్చు.

ఇక తేదీ. ఎలుక గుండెలో కొవ్వు మొదటి వారంలోనే, సాధారణంగా 3 నుంచి 7 రోజుల్లో, శిఖరానికి చేరుతుంది. అదే మేత కొనసాగినా తరువాతి వారాల్లో తగ్గుతుంది, ఎందుకంటే పెరాక్సిసోముల సామర్థ్యం ఈలోగా పెరుగుతుంది. నాలుగో రోజు పట్టికనూ పదహారో వారం పట్టికనూ పక్కపక్కన పెట్టి ‘ఫలితాలు పరస్పర విరుద్ధం’ అనడం సరికాదు. నెలల తరువాత కనిపించే కణమరణం, మచ్చకణజాలం వేరే ప్రశ్న. అవి మగ ఎలుకల్లో ఎక్కువ, పందుల్లో అంతగా కనిపించవు; పైగా ఎరూసిక్ తక్కువగా ఉన్న నూనెలు తిన్న మగ ఎలుకల్లోనూ కొంత కనిపించాయి. మేతలో సంతృప్త కొవ్వును చేర్చినప్పుడు ఆ గాయాలు తగ్గడం కెనడా పరిశోధకులు చూశారు. కాబట్టి మొదటి వారపు కొవ్వుకు ఎరూసిక్ ఆమ్లాన్ని కారణంగా చూపినంత నిశ్చయంగా, చివరి నెలల మచ్చకు దానినొక్కదానినే కారణంగా చూపలేం. ఈ తేడా పట్టించుకోని సారాంశం ఏదైనా సరే, నేను దానిని పక్కన పెట్టి నేరుగా పరిశోధన పత్రంలోని పద్ధతుల భాగానికి వెళతాను.

కణజాలం ఛాయాచిత్రాలు ఉంటే ఒక్క విషయం చూడండి: కొవ్వును ఆయిల్ రెడ్ ఓ వంటి రంగుతో చూపాలంటే గడ్డకట్టించిన కోతలు కావాలి. మామూలు పారఫిన్ (మైనంలో పొదిగిన) కోతల తయారీలో ఆల్కహాల్, జైలీన్ కొవ్వును కరిగించివేస్తాయి గనుక అక్కడ ఖాళీలే మిగులుతాయి.

అభ్యాసం. ఒకటి: కనోలా (ఎరూసిక్ తక్కువగా ఉండేలా పెంచిన రేప్‌సీడ్ రకం) ప్రమాణం నూనెలో ఎరూసిక్ 2 శాతానికి లోబడి ఉండాలంటుంది. మొదటి లెక్కలోని మేతలో అదే 20 శాతం నూనెను 2 శాతం ఎరూసిక్ ఉన్న నూనెతో మార్చి, ఎలుకకు కిలో శరీర బరువుకు అందే మోతాదును, శక్తిలో ఎరూసిక్ వాటాను కనుక్కోండి. అది 0.7 గ్రాముల రేఖకు పైనా, కిందా? రెండు, ఇది కష్టమైనది: ఆవపిండిలో 35 శాతం నూనె, ఆ నూనెలో 45 శాతం ఎరూసిక్ అనుకోండి. 60 కిలోల మనిషి రోజుకు ఎన్ని గ్రాముల ఆవపిండిని ఆవకాయ ద్వారా తింటే 7 మిల్లీగ్రాముల పరిమితికి చేరతాడు? అదే మనిషి 45 శాతం ఎరూసిక్ ఉన్న ఆవనూనెతో వండుకుంటే ఎన్ని గ్రాముల నూనెతో చేరతాడు? ప్రతి మెట్టులోనూ శాతం పక్కన అది దేనిలో శాతమో రాయండి. ఆ మాట లేని జవాబును నేను దిద్దను.