మీ ఎయిర్ రైఫిల్‌కు సరిపోయే పెల్లెట్‌ను ఎంచుకోవడం ఎలా?

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రులు విజయవాడలోనూ గుంటూరులోనూ నన్ను తరచుగా అడిగే ప్రశ్న, "ఏ కంపెనీ పెల్లెట్ కొనాలండీ?" అన్నది. పెల్లెట్ అంటే ఎయిర్ రైఫిల్‌లో పేల్చే చిన్న సీసపు గుండు. కంపెనీ పేరు చెప్పి ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వలేము. ఒకే నమూనాకు చెందిన రెండు రైఫిళ్లు కూడా ఒకే డబ్బాలోని పెల్లెట్లను ఒకే విధంగా కొట్టకపోవచ్చు. బ్యారెల్ (తుపాకీ గొట్టం) లోపలి కొలతలో వచ్చే అతి స్వల్పమైన తేడా కూడా పెల్లెట్ ఎంపికను మార్చివేస్తుంది కనుక, ఖరీదును చూసో, తోటి షూటర్ మాట వినో కొనకుండా, మీ రైఫిల్‌తోనే పరీక్షించి నిర్ణయించుకోవాలి.

ఇంత శ్రద్ధ ఎందుకో టార్గెట్ కొలతలే చెబుతాయి. మధ్యలోని పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మి.మీ. మాత్రమే. దశాంశ పద్ధతిలో గరిష్ఠం 10.9, అక్కడి నుంచి గుండు పావు మిల్లీమీటరు చొప్పున పక్కకు జరిగే కొద్దీ ఒక్కొక్క దశాంశం తగ్గుతుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచినప్పుడు రజతం 701.5 దగ్గర ఆగింది. డెబ్బై గుండ్లు పేల్చిన పోటీలో ఆ 0.4 తేడా, టార్గెట్ మీద కొలిస్తే ఒక మిల్లీమీటరు.

పెల్లెట్‌ను అరచేతిలో పెట్టుకుని చూస్తే బుడబుక్కలవాడి డమరుకంలాగా ఉంటుంది: ముందు తల, మధ్యలో సన్నని నడుము, వెనుక గుల్లగా విచ్చుకున్న స్కర్ట్. పేల్చినప్పుడు గాలి ఒత్తిడికి పలుచని స్కర్ట్ ఉబ్బి బ్యారెల్ లోపలి గాడులకు అతుక్కుంటుంది, దానివల్ల గాలి పక్కలనుంచి జారిపోదు. తల మాత్రం అంతగా సాగదు. అది గాడుల మధ్య మెట్ల మీద నిటారుగా నడవాలి. తల మరీ చిన్నదైతే పెల్లెట్ లోపల కొద్దిగా వాలిపోతుంది, మరీ పెద్దదైతే ఒరిపిడి పెరిగి వేగం నిలకడ తప్పుతుంది. తల వ్యాసానికి, అంటే హెడ్ సైజుకు, ఇంత ప్రాధాన్యం వచ్చింది ఇందువల్లనే.

డబ్బా మీద మూడు విషయాలు చదవాలి. మొదటిది బరువు: మ్యాచ్ రైఫిల్ పెల్లెట్ సాధారణంగా 0.53 గ్రాములు ఉంటుంది, పిస్టల్ కోసం చేసినవి అంతకంటె తేలిక. రెండవది హెడ్ సైజు: ఆర్‌డబ్ల్యుఎస్, హెచ్ అండ్ ఎన్ వంటి తయారీదారులు 4.48 మి.మీ. నుంచి 4.51 మి.మీ. వరకు నూరవ వంతు మిల్లీమీటరు తేడాలతో అమ్ముతారు. మూడవది లాట్ నంబర్, అంటే ఒకే విడతలో తయారైన పెల్లెట్లకు వేసే సంఖ్య; దీనిని చాలామంది చూడనే చూడరు. కాగితాన్ని గుండ్రంగా, శుభ్రంగా కోసే చదును తల పెల్లెట్లనే తీసుకోవాలని వేరే చెప్పనక్కరలేదు.

ఇక పరీక్ష. ఆటోనగర్‌లో లేత్ పని చేసే ఒక మేస్త్రి చేత రైఫిల్‌ను కదలకుండా పట్టి ఉంచేందుకు లోపల రబ్బరు పట్టీ వేసిన ఒక క్లాంప్ చేయించుకున్నాను. అది బ్యారెల్‌ను తాకకుండా, స్టాక్ (రైఫిల్‌ను పట్టుకునే కింది భాగం) అడుగున ఉండే రైలును మాత్రమే పట్టుకుంటుంది. బ్యారెల్‌ను బిగిస్తే పరీక్షే తప్పిపోతుంది. గాలి సిలిండర్‌ను తయారీదారు చెప్పిన మేరకు నింపుకొని, పెల్లెట్ రకం మార్చిన ప్రతిసారీ మొదటి పది, పదిహేను గుండ్లను లెక్కలోకి తీసుకోకుండా పేల్చాలి. పాత పెల్లెట్ వదిలిన సీసపు పూత స్థానంలో కొత్తదాని పూత కుదురుకునేందుకు ఆ మాత్రం అవసరం. తరువాత ఒకే కాగితం మీద ఒకే చోట పది గుండ్లు పేల్చి (దీనినే ఒక గ్రూపు అంటారు), ఏర్పడిన రంధ్రపు అత్యధిక వెడల్పును వెర్నియర్ కాలిపర్‌తో కొలవాలి. ఆ కొలతలోనుంచి 4.5 మి.మీ. తీసివేస్తే గుండ్ల కేంద్రాల మధ్య దూరం తెలుస్తుంది.

ఒక్క గ్రూపును చూసి తీర్మానించకూడదు. నా రైఫిల్‌తో పరీక్షించినప్పుడు 4.49 సైజు మొదటి గ్రూపు రంధ్రపు వెడల్పు (4.5 తీసివేయకముందు) 5.6 మి.మీ. వచ్చింది, ఆ సంతోషంలో అక్కడితో ఆపి ఉంటే డబ్బాలకు డబ్బాలు అవే కొనేవాడిని. తరువాతి రెండు గ్రూపులు 7.1, 6.9 వచ్చాయి. 4.50 సైజు మాత్రం వరుసగా 5.9, 6.1, 5.8 ఇచ్చింది. ఒకసారి మెరిసి మళ్లీ చెదిరిపోయే పెల్లెట్ కంటె మూడుసార్లూ ఒకే తీరున నిలిచిన పెల్లెట్‌నే నేను నమ్ముతాను. గాలి సిలిండర్‌కు బదులు స్ప్రింగ్‌తో పనిచేసే రైఫిల్ వాడేవారు మాత్రం ఈ క్లాంప్ జోలికి పోవద్దు. దాని లోపలి పిస్టన్ కదలిక వల్ల తుపాకీ మొత్తం ఊగుతుంది కాబట్టి, మెత్తని దిండు మీద చేయి ఆనించి, రైఫిల్‌ను ఆ చేతిలో వదులుగా ఉంచి పేల్చి చూడాలి.

పెల్లెట్‌ను సన్నని రంధ్రంలోగుండా నెట్టి తలను ఒకే కొలతకు తెచ్చే సైజర్లు కూడా దొరుకుతాయి. మ్యాచ్ పెల్లెట్లకు వాటిని నేను సిఫారసు చేయను. సీసం మెత్తనిది, ఒక పక్కకు ఏ మాత్రం ఒరిగి లోపలికి వెళ్లినా స్కర్ట్ వంకరపోతుంది. నూరవ వంతు మిల్లీమీటరు కచ్చితత్వంతో రంధ్రం తీయడం మామూలు లేత్ పని కూడా కాదు. హెడ్ సైజును మైక్రోమీటరుతో కొలవాలనుకునేవారు కూడా జాగ్రత్తపడాలి, ఎందుకంటే దాని నొక్కుడుకే సీసం అణిగి కొలత తక్కువ చూపిస్తుంది. మిల్లీగ్రాముల త్రాసుతో బరువులు వేరుచేయడం వల్ల పది మీటర్ల దూరంలో ఒనగూడే లాభం చాలా స్వల్పం. ఆ సమయాన్ని తెల్లని బట్ట మీద పెల్లెట్లను పరచి, టార్చ్ వెలుగులో నొక్కులు పడిన స్కర్ట్‌లను ఏరివేయడానికి వెచ్చిస్తే మేలు.

ఆ నొక్కులు ఎలా పడతాయో నాకు అనుభవమే. ఒకసారి గుంటూరు నుంచి విజయవాడకు స్కూటర్ డిక్కీలో సగం ఖాళీ అయిన డబ్బా పెట్టుకుని వచ్చాను. మూత తీసి చూస్తే అడుగున బూడిదరంగు పొడి, వరుసగా నాలుగైదు పెల్లెట్లకు అంచులు సొట్టలు. అప్పటి నుంచి డబ్బాలో మిగిలిన ఖాళీని మెత్తని స్పాంజితో నింపి, డిక్కీలో కాకుండా భుజాన వేసుకునే సంచిలో తీసుకెళుతున్నాను. కృష్ణ ఒడ్డున వానాకాలపు తేమకు సీసం మీద తెల్లని పొర ఏర్పడుతుంది కాబట్టి, డబ్బా ఉంచే పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేయడం తప్పనిసరి. తెల్లబడిన పెల్లెట్లను పోటీలో వాడకండి. సీసం విషపదార్థం: పిల్లలు పెల్లెట్‌ను పెదవుల మధ్య పెట్టుకోకుండా చూడండి, సాధన ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కోనిదే ఏమీ తిననివ్వకండి.

పరీక్షలో గెలిచిన పెల్లెట్ దొరికాక, అదే లాట్ నంబర్‌తో సీజన్‌కు సరిపడా ఒకేసారి కొనడం మంచిది. డబ్బాలో 500 ఉంటాయి, అర్హత పోటీకి 60 గుండ్లు; అంటే ట్రయల్ గుండ్లు కలపకుండానే ఒక డబ్బా ఎనిమిది పోటీలకు మాత్రమే వస్తుంది. రోజువారీ సాధనకు చవకైన పెల్లెట్ వాడినా, పోటీకి వారం ముందు నుంచి పోటీ పెల్లెట్‌తోనే సాధన చేయాలి. కొత్త లాట్ తెప్పించినప్పుడు, దాని మీద అదే కంపెనీ పేరు, అదే హెడ్ సైజు ఉన్నా, పాత లాట్‌లోని చివరి డబ్బా పూర్తికాకముందే రెండింటినీ పక్కపక్కన మూడేసి గ్రూపులు పేల్చి పోల్చండి.