ఉద్యోగం, ఇల్లు, మధ్యలో పాట: చిక్కు ఎక్కడుంది, ఎలా విప్పుకోవాలి

పగలు ఉద్యోగం, సాయంత్రం ఇల్లు, ఆ రెండూ సర్దుమణిగాక కంప్యూటర్ ముందు కూర్చుని సంగీతం చేసుకునేవారి ఇబ్బందులన్నీ పైకి "సమయం లేదు" అనే ఒక్క ఫిర్యాదులాగే వినిపిస్తాయి. తీరిక దొరకకపోవడం వేరు, దొరికిన తీరిక చేజారడం వేరు, ఇంట్లోవాళ్ల తీరికను మనం లాక్కోవడం వేరు. మూడింటికీ ఒకే మందు పనిచేయదు. మీకు కనిపిస్తున్న లక్షణం ఏదో చూసుకుని అక్కడి నుంచి చదవండి.

సమస్య: గంటన్నర కూర్చున్నా పాట కదలలేదు

కారణం: మూడు పనులు ఒకేసారి నెత్తిన వేసుకోవడం. బాణీ కట్టడం ఒక పని, తగిన ధ్వనులు వెతకడం ఇంకో పని, వాటి పాళ్లు సరిచూసే మిక్సింగ్ మరో పని. బాణీ కడదామని కూర్చుంటారు. కిక్ డ్రమ్ (దరువులోని బరువైన దెబ్బ) పలచగా అనిపిస్తుంది. ఇంకోటి చూద్దామని శాంపిళ్ల (ముందే రికార్డు చేసి ఉంచిన ధ్వనుల) ఫోల్డర్ తెరుస్తారు. నలభయ్యో కిక్ వినేసరికి మొదటిది ఎలా ఉందో గుర్తుండదు. కట్టాలనుకున్న బాణీ అంతకన్నా ముందే జారిపోయి ఉంటుంది.

పరిష్కారం: ధ్వనుల వేటకు విడిగా ఒక పూట కేటాయించండి. నచ్చిన పది కిక్‌లు, పది స్నేర్‌లు (దరువులోని పదునైన దెబ్బలు), నాలుగైదు బేస్‌లు (మంద్ర ధ్వనులు) ఏరి ఒక ఫోల్డర్‌లో దాచుకోండి. బాణీ కట్టే రోజున ఆ ఫోల్డర్ దాటి బయటకు వెళ్లకండి. మీరు ఎప్పుడూ వాడే వాయిద్యాలు, రివెర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్), రికార్డింగ్ ట్రాకులు (ఒక్కో వాయిద్యానికి ఒక్కో వరుస) అమర్చిన ఖాళీ ప్రాజెక్టును, అంటే సంగీతం సాఫ్ట్‌వేర్‌లోని పాట ఫైలును, టెంప్లేట్‌గా దాచుకుంటే, కూర్చున్న రెండో నిమిషంలోనే మొదటి స్వరం పడుతుంది.

లేచే ముందు ఐదు నిమిషాలు మాత్రం తప్పనిసరిగా మిగుల్చుకోండి. అప్పటివరకు చేసిన పాటను ఎంపీత్రీగా తీసి ఫోనులో వేసుకోండి. తర్వాత చేయాల్సిన ఒక్క పని ప్రాజెక్టులోనే రాసి పెట్టండి: "రెండో చరణానికి ముందు నాలుగు బార్లు ఖాళీ, ఫ్లూట్ పెట్టి చూడాలి" అన్నంత స్పష్టంగా ఉండాలి (బారు అంటే తాళం ఒక ఆవృత్తి). ఈ చీటీ లేకపోతే, ఎక్కడ ఆపారో వెతుక్కోవడానికే మరుసటిసారి ఇరవై నిమిషాలు పోతాయి. వారానికి మూడు గంటలే దొరికేవారికి అది చిన్న నష్టం కాదు.

సమస్య: అన్నీ ఎనిమిది బార్ల లూపులే, పూర్తయిన పాట ఒక్కటీ లేదు

లూపు అంటే మళ్లీ మళ్లీ తిరిగే చిన్న ముక్క. వేగం నిమిషానికి 120 బీట్లు, బారుకు నాలుగు బీట్లు అనుకుంటే ఒక బారు రెండు సెకన్లు. ఎనిమిది బార్లు పదహారు సెకన్లు. మూడు నిమిషాల పాటకు తొంభై బార్లు కావాలి. మీరు చేసిందల్లా ఆ పదహారు సెకన్లలోనే అన్ని వాయిద్యాలనూ కిక్కిరిసేలా నింపడం. అది నిండుగా వినిపిస్తుంది, చెవికి తృప్తిగా ఉంటుంది, ముందుకు వెళ్లాల్సిన అవసరమే తోచదు.

విరుగుడు కూర్చడంలో కాదు, తీసివేయడంలో ఉంది. లూపును తొంభై బార్ల పొడవునా పరిచేయండి. ఆపైన తొలగిస్తూ రండి. మొదట్లో డ్రమ్స్ తీసేయండి, మొదటి చరణంలో ప్యాడ్ (వెనక సాగుతూ ఉండే స్వరాలు) తీసేయండి, పల్లవికి ముందు బేస్ ఆపేయండి. గంటలో పాటకు ఒక ఆకారం వస్తుంది. బాగుందా లేదా అన్నది ఆ రోజు చూడవద్దు. ఆకారమంటూ ఉన్నదాన్ని సాయంత్రానికి ఇరవై నిమిషాల చొప్పున దిద్దుకోవచ్చు. లూపుకు ఆ వీలు లేదు, అందుకే ఉద్యోగం చేసేవారికి ఇది మిగతా అన్నిటికన్నా ముందు వదిలించుకోవాల్సిన అలవాటు అని నా గట్టి నమ్మకం.

సమస్య: రాత్రి అద్భుతంగా ఉన్న మిక్స్ పొద్దున్నే వింటే చెవిలో గుచ్చుకుంటోంది

కారణం చెవి అలసట. పొద్దుపోయేకొద్దీ చెవి మొద్దుబారుతుంది, తెలియకుండానే వాల్యూమ్ పెంచుతాం. శబ్దం పెరిగితే మన చెవికి బేస్ కూడా నిండుగా తోస్తుంది. వినికిడి ఇలా శబ్దస్థాయిని బట్టి మారుతుందని 1933లోనే పరిశోధకులు ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. పెద్దగా వింటూ సరిచేసిన పాళ్లు చిన్న వాల్యూమ్‌లో చెదిరిపోయేది ఇందుకే.

రాత్రిళ్లు బాణీకి, అమరికకు ఉంచుకోండి. మిక్సింగ్ సెలవు రోజు ఉదయం, నలభై నిమిషాలకు మించకుండా, పక్కన మనిషి మాట్లాడితే వినిపించేంత వాల్యూమ్‌లో చేయండి. వాల్యూమ్ మీట దగ్గర చిన్న గుర్తు పెట్టుకుని రోజూ అక్కడే ఉంచండి. మీకు బాగా తెలిసిన పాటను ఒకటి పక్కన పెట్టుకుని మధ్యమధ్య వినండి. ఇది నాణ్యత కోసం మాత్రమే కాదు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచించిన హద్దు 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ వ్యవధి సగమవుతుంది, 94 దగ్గర మిగిలేది ఒక్క గంట. పోయిన వినికిడి తిరిగి రాదు.

సమస్య: కీబోర్డు మీట నొక్కాక స్వరం ఆలస్యంగా పలుకుతోంది

బఫర్, అంటే శబ్దాన్ని పలికించే ముందు కంప్యూటర్ పోగేసుకునే ముక్క, పెద్దదిగా ఉంది. రికార్డింగ్‌కు 128 శాంపిళ్లకు (ఇక్కడ శాంపిల్ అంటే శబ్దపు ఒక్కో కొలత) తగ్గించండి. 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48 వేల శాంపిళ్లు) దగ్గర అది మూడు మిల్లీసెకన్లు కూడా కాదు. మిక్సింగ్‌లో చిటపటలు వస్తే 1024కు పెంచండి.

సమస్య: పక్క గదిలో నిద్ర చెడుతోంది

గోడలకు అంటించే ఫోమ్ గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తుంది తప్ప శబ్దాన్ని బయటకు పోకుండా ఆపదు. బేస్ అయితే గోడలోంచి దాటిపోతుంది. రాత్రి స్పీకర్లు వద్దు, హెడ్‌ఫోన్లే వాడండి.

సమస్య: ఇంట్లో అసహనం, మనసులో తప్పు చేస్తున్న భావన

ఒకసారి నేను ఒక బేస్ లైన్ సరిచేస్తుండగా మా పాప బొమ్మ గీసిన కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నేను తెర మీంచి చూపు తిప్పకుండానే హెడ్‌ఫోను ఒక వైపు పైకెత్తి, "ఐదు నిమిషాలమ్మా" అన్నాను. మళ్లీ తల తిప్పేసరికి గుమ్మం దగ్గర ఎవరూ లేరు, కాగితం నేల మీద ఉంది. టైము చూస్తే యాభై నిమిషాలు గడిచాయి.

ఇంట్లోవాళ్లను నొప్పించేది మనం సంగీతానికి పెట్టే గంటలు కాదని ఆ రోజు నాకు అర్థమైంది. ఆ గంటలు ఎప్పుడు మొదలవుతాయో, ఎప్పుడు ముగుస్తాయో వాళ్లకు తెలియకపోవడమే అసలు కారణం. చెప్పకుండా తీసుకున్న సమయంలో మనకూ మనసు నిలవదు, ఒక చెవి తలుపు వైపే ఉంటుంది.

కాబట్టి అడిగి తీసుకోండి. వారంలో ఏ రెండు సాయంత్రాలు, ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు అనేది కూర్చుని మాట్లాడుకోండి. అప్పుడే భార్యకో భర్తకో వారికంటూ అన్నే గంటలు కేటాయించండి. ఆ సమయంలో పిల్లల పని, వంట పని పూర్తిగా మీదే. ముగింపు వేళకు అలారం పెట్టుకుని, అది మోగగానే, పాట ఎంత రసపట్టులో ఉన్నా లేవండి. మొదటి నెలలో ఇది కష్టం. కానీ రెండుసార్లు మాట నిలబెట్టుకున్నాక ఇంట్లో వచ్చే తేడా మీకే తెలుస్తుంది. మిగతా రోజుల్లో ఎవరైనా గదిలోకి వస్తే పాట ఆపి, హెడ్‌ఫోన్లు పూర్తిగా తీసి మాట్లాడండి.

కొత్త పాటను ప్రతిసారీ ఇంట్లోవాళ్లకు వినిపించి అభిప్రాయం అడగడం కూడా తగ్గించండి. వాళ్లు అడిగినప్పుడు వినిపిస్తే ఆనందంగా వింటారు.

సమస్య: ఆఫీసులో కళ్లు మూతలు పడుతున్నాయి

నిద్రలోంచి గంటలు కోసి పాటకు వేస్తున్నారు. పడుకునే ముందు అరగంట ఏమీ వినకండి, లేకపోతే అదే లూపు తలలో తిరుగుతూనే ఉంటుంది. రాత్రి కుదరనివారు వేకువన ఒక గంట ప్రయత్నించవచ్చు. కాకపోతే ఆ మేరకు ముందే పడుకోవాలి. ఇంకొక జాగ్రత్త: పాటలకు డబ్బు తీసుకోవడం మొదలుపెడితే, బయటి పనుల గురించి మీ ఉద్యోగ ఒప్పందంలో ఏముందో చదవండి. ఆఫీసు కంప్యూటర్‌లో సంగీతం పని చేయవద్దు.

సమస్య: నెల విరామం తర్వాత ప్రాజెక్టు సరిగా తెరుచుకోవడం లేదు

ఇంట్లో జబ్బులు, పరీక్షలు, ఆఫీసులో తలమునకలయ్యే పని ఉన్న నెలలు వస్తాయి. అప్పుడు పాట ఆగాల్సిందే. ఈలోగా ఏదో ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌కు జోడించుకునే వాయిద్యం లేదా ఎఫెక్ట్) కొత్త రూపంలోకి మారుతుంది, పాతది పలకదు. అందుకే విరామం తప్పదని తెలియగానే ఒక్క సాయంత్రం ఈ పనికి పెట్టండి: ప్రతి ట్రాకునూ మొదటి బారు నుంచే మొదలయ్యేలా విడివిడి వేవ్ (ధ్వని) ఫైళ్లుగా తీసి, పాట వేగం, శ్రుతి ఫోల్డర్ పేరులోనే రాసి, ఇంకో డిస్కులో కూడా ఒక ప్రతి ఉంచండి. విరామంలో తోచిన బాణీలను ఫోనులో కూనిరాగం తీసి, తేదీతో దాచుకోండి.