పాత జీపుకి రేడియేటర్ ఫ్యాను మోటారు మార్చడం

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా హైవే మీద ఎనభైలో పోయినా ఇంజన్ వేడి చూపే ముల్లు కదలదు. అదే బండి రొయ్యల గుంటల కట్టమీద ఫస్టు గేరులో పది నిమిషాలు పాకిందా, ముల్లు ఎర్రగీత వైపు లేస్తుంది. ఈ తేడా ఉంటే ముందు ఫ్యానుని అనుమానించాలి. వేగంగా పోయేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లారుస్తుంది, ఫ్యానుతో పెద్దగా పనుండదు. హైవే మీద కూడా వేడెక్కుతుంటే మాత్రం రేడియేటర్ జామ్ అయిందా, థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్లని రేడియేటర్‌కి వదిలే వాల్వు), వాటర్ పంపు ఎలా ఉన్నాయో చూసుకోండి. మోటారు మార్చి లాభం లేదు.

ఇంకో మాట. పాత డీజిల్ జీపుల్లో చాలావాటికి ఇంజన్ ఫ్యాను బెల్టు మీదే తిరుగుతుంది, కొన్నిటికి మధ్యలో విస్కస్ క్లచ్ (వేడిని బట్టి ఫ్యానుని పట్టి వదిలే భాగం) ఉంటుంది. దానికి మోటారే లేదు. ఇక్కడ చెప్పేదంతా 12 వోల్టుల కరెంటు ఫ్యాను సంగతి. అది రేడియేటర్ వెనక ఉండొచ్చు, ఏసీ కండెన్సర్ ముందూ ఉండొచ్చు.

ఫ్యాను తిరగనంత మాత్రాన మోటారు పోయినట్టు కాదు. సాకెట్ పీకి, ఫ్యూజు ఉన్న రెండు వైర్లతో బ్యాటరీ నుంచి మోటారుకి నేరుగా కరెంటు ఇవ్వండి. చేతులు, లుంగీ, కండువా రెక్కలకి దూరంగా ఉండాలి. గట్టిగా తిరిగితే మోటారు బాగానే ఉంది, తప్పు ఫ్యూజులోనో, రిలేలోనో (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే డబ్బా), థర్మో స్విచ్‌లోనో (వేడిని బట్టి ఫ్యానుని ఆన్ చేసే స్విచ్) ఉంది. రిలేని అదే నంబరున్న హారన్ రిలేతో మార్చి చూడొచ్చు. రేడియేటర్‌కి బిగించిన రెండు పిన్నుల థర్మో స్విచ్ అయితే దాని సాకెట్ పీకి, ఇగ్నిషన్ ఆన్ చేసి, పీకిన సాకెట్‌లోని రెండు టెర్మినళ్లని చిన్న వైరుతో కలపండి. ఫ్యాను తిరిగితే స్విచ్ పోయింది. ఇంజన్ కంప్యూటర్‌కి వేడి చెప్పే సెన్సార్‌ని మాత్రం ఇలా కలపకూడదు, అది వేరే వస్తువు.

నేరుగా ఇచ్చినా కదలకపోతే స్క్రూడ్రైవర్ పిడితో మోటారు డొక్క మీద మెల్లగా తట్టండి. తట్టగానే తిరిగితే కార్బన్లు (మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) అరిగాయి. రెక్కని చేత్తో తిప్పితే బరువుగా, గరగరమంటూ తిరిగితే బుష్ (ఇరుసు తిరిగే తొడుగు) పట్టేసింది. తేలిగ్గా తిరుగుతున్నా కరెంటుకి కదలక, కాలిన వార్నిష్ వాసన వస్తుంటే కాయిల్ పోయింది. కార్బన్లు మాత్రమే అరిగితే ఆటో ఎలక్ట్రీషియన్ షెడ్డులో మార్పించుకోవచ్చు. కాయిల్ కాలిన చిన్న మోటారుకి మళ్లీ వైండింగ్ చేయించడం దండగ.

అసలు ఎందుకు పోయిందో తేల్చకుండా కొత్తది పెడితే అదీ అదే దారి పడుతుంది. మైపాడు, కొత్తపట్నం తీరాన, ఇసకపల్లి ఉప్పు మళ్ల వైపు తిరిగే బండ్లలో సాకెట్ లోపల పచ్చటి చిలుము పడుతుంది. చిలుము పట్టిన చోట కరెంటు ఇరుక్కుని పిన్ను వేడెక్కుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది, మోటారుకి ఇంజన్ నడిచేటప్పుడు రావాల్సిన 13 వోల్టుల బదులు పదో పదకొండో అందుతాయి. చీమకుర్తి గ్రానైటు క్వారీల దగ్గర బండికి జబ్బు వేరు. ఆ పొడి గ్రీజుతో కలిసి సానపట్టే ముద్దలా మారి బుష్‌ని తినేస్తుంది. ఇక రేడియేటర్‌లో బోరునీళ్లు పోసే అలవాటు ఉంటే గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది, ఫ్యాను ఆగకుండా తిరిగి తిరిగి అలసిపోతుంది. ఈ మూడిట్లో మీది ఏదో చూసుకుని పని మొదలుపెట్టండి.

కొత్త మోటారు కొనేటప్పుడు పాతదాన్ని షాపుకి చేత్తో పట్టుకెళ్లడమే మేలు. షాఫ్టు మందం, షాఫ్టు గుండ్రమా ఒకవైపు చదునా, బిగించే రంధ్రాల మధ్య దూరం, తిరిగే దిక్కు, వాట్లు కలవాలి. 120 వాట్ల మోటారు 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు లాగుతుంది, మొదలయ్యే క్షణంలో దానికి రెండు మూడింతలు. పాత సామాన్ల కొట్లో తీసుకుంటే అక్కడే బ్యాటరీకి పెట్టి ఇరవై నిమిషాలు తిప్పించండి. డొక్క చెయ్యి పెట్టలేనంత కాలితే వద్దనండి.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే పని. కొన్ని బండ్లలో తాళం తీసేసినా ఫ్యాను తిరుగుతుంది, కాబట్టి 10 నంబరు పానాతో బ్యాటరీ మైనస్ ముందు విప్పండి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పకూడదు, మొహం కాలుతుంది. చాలా బండ్లకి కూలెంట్ దించక్కర్లేదు. పై గొట్టం అడ్డొస్తే రెండు మూడు లీటర్లు శుభ్రమైన డబ్బాలోకి దించి మళ్లీ అదే పోసుకోవచ్చు.

ష్రౌడ్ (ఫ్యాను చుట్టూ ఉండే చట్రం) బోల్టులు విప్పాక, పైకి లాగకముందే రేడియేటర్‌కీ ష్రౌడ్‌కీ మధ్య ఒక అట్టముక్క దోపండి. ఇది మర్చిపోయినవాళ్లే రేడియేటర్ జాలీలోని పల్చటి రేకులు వంచుకుని, అప్పుడప్పుడు గొట్టం చిల్లు పెట్టుకుంటారు. బయటికి తీశాక ష్రౌడ్‌ని గోనెసంచి మీద బోర్లించి రెక్క పట్టిన నట్టు చూడండి. కొన్నిటికి లెఫ్ట్ థ్రెడ్ ఉంటుంది, రాకపోతే బలం పెంచకుండా రెండో వైపు తిప్పి చూడండి. కొన్నిటికి నట్టు బదులు చిన్న క్లిప్పు ఉంటుంది. షాఫ్టు తుప్పు పడితే తుప్పు వదిలే నూనె కొట్టి అరగంట వదిలేయండి. సుత్తితో కొడితే ఏళ్లపాటు వేడికి పెళుసైన ప్లాస్టిక్ రెక్క మొదలు దగ్గర చీలుతుంది. రెక్క అంచున చిన్న ఇనప క్లిప్పు కనిపిస్తే పీకొద్దు, అది తూకం కోసం పెట్టింది. తీసేస్తే ఫ్యాను ఊగి కొత్త బుష్ కొన్నాళ్లకే పోతుంది.

కొత్త మోటారు బిగించేటప్పుడు డొక్కకున్న నీళ్లు కారే రంధ్రం కిందికి ఉండాలి. పైకి పెడితే బండి కడిగిన నీళ్లన్నీ లోపలే నిలుస్తాయి. చిన్న బోల్టులకి లాక్ వాషర్ వేసి చేతిబలంతో బిగిస్తే చాలు, ఎక్కువ బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. రెక్కని చేత్తో చుట్టూ తిప్పి ఎక్కడా ష్రౌడ్‌కి రాసుకోవడం లేదని చూడండి.

వైరింగ్ దగ్గర పీనాసితనం పనికిరాదు. సాకెట్ కరిగి ఉంటే వైరు మెలేసి టేపు చుట్టడం మానేసి కొత్త సాకెట్, కొత్త పిన్నులు వేయండి. పిన్నుల మీద కాస్త డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారని గ్రీజు) రాస్తే ఉప్పుగాలి లోపలికి రాదు. 10 నుంచి 15 ఆంపియర్ల ఫ్యానుకి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలు, దూరం ఎక్కువైతే 4 వేయండి. రిలే మీద 30 అని ఉన్న పిన్ను బ్యాటరీ నుంచి, 87 మోటారుకి, 85, 86 స్విచ్ వైపు. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా, కంపెనీ పెట్టిన సైజే. కాలుతోందని పెద్దది వేస్తే ఫ్యూజు బదులు వైరు కాలుతుంది.

బ్యాటరీ కలిపాక గ్రిల్ ముందు కాగితం పట్టుకుని ఫ్యాను తిప్పండి. ఫ్యాను ముందున్నా వెనకున్నా కాగితం గ్రిల్‌కి అంటుకోవాలి. బయటికి ఎగిరితే ప్లస్సు, మైనస్సు తారుమారయ్యాయి, ఎదురుగాలితో ఫ్యాను కొట్లాడుతుంది. తర్వాత ఇంజన్ నడుస్తుండగా మల్టీమీటర్‌తో బ్యాటరీ ప్లస్సుకీ మోటారు ప్లస్సుకీ మధ్య చూడండి. ఫ్యాను తిరుగుతున్నప్పుడు అర వోల్టు దాటకూడదు. మోటారు మైనస్ నుంచి బ్యాటరీ మైనస్‌కి 0.2 లోపు ఉండాలి. దాటితే ఎర్త్ వైరు బండి బాడీకి బిగించిన చోట రంగు, తుప్పు గీకి మళ్లీ బిగించండి.

ఏసీ ఆపి, బండి నిలబెట్టి ఐడిల్‌లో వదలండి. థర్మో స్విచ్ మీద చెక్కిన రెండు అంకెలు ఫ్యాను మొదలయ్యే వేడి, ఆగే వేడి. మొదలై కాసేపటికి ఆగాలి. ఎంతకీ ఆగకపోతే రేడియేటర్ లోపల సున్నమో, జాలీలో మట్టో అడ్డం ఉండొచ్చు. జాలీని ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ధారతో కడగండి. కూలెంట్ తగ్గితే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోయండి.

వాగులో దిగేముందు ఫ్యాను ఫ్యూజు పీకేయడం మంచిది. తిరుగుతున్న రెక్క నీళ్లలో మునిగితే వంగి రేడియేటర్‌ని కోస్తుంది, లేదా అక్కడే బిగుసుకుని కొత్త మోటారుని కాలుస్తుంది. పీకిన ఫ్యూజు జేబులో వేసుకుంటే గట్టెక్కాక గుర్తురాదు. స్టీరింగ్‌కి టేపుతో అంటించుకోండి.