గీజరు వేస్తే ఎంసీబీ పడిపోతోందా?

బెంగళూరు మారతహళ్లిలో మా అద్దె ఇంట్లో గీజరు, వాషింగ్ మెషీన్ కలిసి నడిస్తే కాసేపటికి ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతటదే ఆగిపోయే స్విచ్చు) పడిపోయేది. వీధి చివరి దుకాణం నుంచి వచ్చిన కుర్రాడు 16 ఆంపియర్లది తీసేసి 32ది బిగించి డబ్బులు పుచ్చుకుని వెళ్లాడు. పీడ వదిలిందనుకున్నాం. నెల తిరక్కుండా ప్లాస్టిక్ కాలిన వాసన మొదలైంది. స్విచ్చు బోర్డు విప్పితే ఎర్ర తీగ మీది తొడుగు గోటితో గీరగానే పెచ్చులుగా రాలింది.

కారణం: 3 కిలోవాట్ల గీజరు సుమారు 13 ఆంపియర్లు లాగుతుంది. నీళ్లు కాచుకునే వాషింగ్ మెషీన్ మరో 9. రెండూ 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ మీదే ఉన్నాయి. ఎంసీబీ కాపలా కాసేది గోడలోని ఆ తీగకు. పెద్దది పెడితే కాపలాదారును నిద్రపుచ్చినట్టే.

పరిష్కారం: గీజరుకు విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ, దానికి 20 ఆంపియర్ల ఎంసీబీ. తీగ చూడకుండా ఎంసీబీ మార్చేవారిని మళ్లీ పిలవకండి.

కుళాయి పట్టుకుంటే జివ్వుమంటోందా?

ముందు మెయిన్ ఆపండి. బోరు నీటి ఉప్పుకు గీజరులోని ఎలిమెంటు పగిలి కరెంటు నీటిలోకి దిగుతూ ఉండవచ్చు. ఎర్తింగ్ సరిగా ఉండి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) కూడా ఉంటే అది వెంటనే పడిపోవాలి. పడలేదంటే రెండింటిలో ఏదో సరిగా లేకపోవచ్చు. కొందరు ఎర్తు పిన్నును న్యూట్రల్‌కు (కరెంటు తిరిగి వెళ్లే తీగకు) కలిపేసి చేతులు దులుపుకుంటారు. ఆ న్యూట్రల్ తెగిన రోజు గీజరు ఒళ్లంతా కరెంటే! ఎలిమెంటును 500 వోల్టుల మెగ్గర్‌తో (కరెంటు లీకవకుండా ఆపే నిరోధాన్ని కొలిచే పరికరంతో) పరీక్షించమనండి. కనీసం 1 మెగాఓమ్ రావాలి. జేబులోని టెస్టరు ఫేజు ఉందో లేదో చెబుతుంది, ఎర్తు సంగతి దానికి తెలియదు.

కొన్ని లైట్లు మిరుమిట్లు గొలుపుతూ, కొన్ని గుడ్డిగా వెలుగుతున్నాయా?

త్రీ ఫేజు ఇంట్లో ఇది న్యూట్రల్ వదులైన లక్షణం. మెయిన్ ఆపి టీవీ, ఫ్రిజ్ ప్లగ్గులు తీసేయండి. పక్కిళ్లలోనూ అదే తంతయితే కరెంటు సరఫరా సంస్థ బెస్కాంకు 1912లో చెప్పండి. మీ ఒక్క ఇంట్లోనే అయితే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఎవరిని పిలవాలి?

కర్ణాటక విద్యుత్ తనిఖీ విభాగం ఇచ్చిన లైసెన్సు గానీ, వైర్‌మ్యాన్ పర్మిట్ గానీ ఉన్నవారిని. అడగడానికి మొహమాటం వద్దు, కన్నడం రాకపోతే "అన్నా, పర్మిట్ ఉందా?" అని తెలుగులోనే అడగండి, ఈ ఊళ్లో చాలామందికి అర్థమవుతుంది. తరువాత ఇంకో మాట: "మా ఎర్తు గుంట ఎక్కడుందో చూస్తారా?" పనివాడైతే లేచి వెతుకుతాడు.

మా ఇంటికి రెండోసారి వచ్చిన పెద్దాయన మెయిన్ ఆపాకే బోర్డు ముట్టుకున్నారు. మాడిన తీగను జానెడు కోసి నా చేతిలో పెట్టి, "ఇంటి ఓనరుకు చూపించండి" అన్నారు. కొత్త తీగల ఖర్చుకు ఓనరు ఒప్పుకున్నది ఆ ముక్క చూశాకే.